ఆయ్ అనకూడదట

కాకినాడలో రేపు పదిన్నరకి.
చొక్కా ఇస్త్రీ నుంచి వచ్చింది.
జెరాక్సులు మూడేసి సెట్లు,
ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పొల్యూషన్.
బండికి అన్నీ ఉన్నాయి,
నాకే ఒకటి తక్కువ.

మూడు నెలలన్నారు. నలభై రోజులు పోయాయి.
లైసెన్సు ఉండే చోట
నా చొక్కాలన్నిటికీ ఒకటే గుర్తు,
నలుచదరంగా నలిగి.
మంచం మీద పడుకుంటే ఎడంకాలు
ఎక్కడో మలుపు దగ్గర క్లచ్చి నొక్కుతుంది.
భూలక్ష్మి నిద్రలోనే తిరిగి తంతుంది.

బండి కొబ్బరాకుల పాక కింద ఉంది.
ట్రాలీలో కోడి గుడ్లు పెట్టింది.
అంబాజీపేట నుంచి కాయల లోడుకి ఫోన్లు
మొదటి వారం రోజూ వచ్చేవి.
ఇప్పుడు పితాని శీను బండి వెళ్తోంది
మా ఇంటి ముందు హారన్ కొట్టకుండా, మర్యాదకి.

కాగితంలో ఇలా ఉంది:
"సరుకు రవాణా వాహనమందు
పదకొండు మంది వ్యక్తులను ఎక్కించుకొని..."
వానని రాయలేదు.
ఎరువు సంచులు నెత్తిన కప్పుకుని
ఊడుపుల నుంచి వస్తున్నారని,
మోకాళ్ళ దాకా బురదతో కాలవ గట్టు మీద
ఇంకా నాలుగు కిలోమీటర్లుందని రాయలేదు.
గోతిలో చక్రం దిగినప్పుడు
పట్టుకోడానికేమీ లేక
పదకొండు మందీ ఒకేసారి కెవ్వుమన్నారు,
అదీ రాయలేదు.
మనిషికి పది రూపాయలు తీసుకున్నానని కూడా.
అది నాకు తెలుసు, వాళ్ళకి తెలుసు,
లాకుల దగ్గర ఆపినాయనకి తెలీదు.

రాత్రి అన్నాలయ్యాక మా పల్లవి ఆఫీసరవుతుంది.
ఇంటరు చదువుతోంది.
కుర్చీలో కూర్చుని, నా కళ్ళజోడు పెట్టుకుని
నన్ను నిలబెడుతుంది.
"గుత్తుల ఏడుకొండలు మీరేనా?"
"ఆయ్."
"ఆయ్ అనకు నాన్నా. అవునండి అను."
"అవునండి."
"చేతులు కట్టుకోకు. దొంగలా ఉంది."
వదిలేస్తే
అవి వాటంతటవే
స్టీరింగంత ఎడంలో ఆగాయి.

ప్లీడరు గుమాస్తాది వేరే దారి.
ఒకామెకి పాము కరిచిందని రాద్దాం,
ఆస్పత్రికి తీసుకెళ్తున్నానని చెప్పు,
పామంటే ఏ ఆఫీసరూ నోరెత్తడు.
"ఏ పామండి?" అన్నాను.
"నీకేది తెలిస్తే అది."

ఆ మాట మేరీరత్నం చెవిన పడింది.
కలుపుకి వెళ్తూ మా గుమ్మంలో కూలబడి
కాలు చాచింది.
"వెతుకు, ఏదో ఒక మచ్చ ఉండకపోదు.
నన్నే కరిచిందని చెప్పు. వస్తాను,
కూలి పోతే పోయింది."
చూశాను.
వేళ్ళ సందులు పాసిపోయి తెల్లగా,
మడమ మీద గాజుపెంకు చీరిన గీత,
జలగలు పట్టిన చుక్కలు.
ఇన్నిటిలో
పాముకి చోటే లేదు.

ఇద్దరం నవ్వాం. భూలక్ష్మి టీ ఇచ్చింది.
వెళ్తూ వెళ్తూ కొంగుముడి విప్పి
పది రూపాయల నోటు తీసింది.
"ఆవేళ చిల్లర లేక బాకీ ఉండిపోయాను.
అక్కడ నా పేరు చదివితే
బాకీతో చదవకూడదు కదా."
వద్దనలేదు.
జేబులో, ఆ నలుచదరం గుర్తు దగ్గరే పెట్టాను.
గుమాస్తా చూస్తే తల బాదుకుంటాడు.

ఇవాళ ఆఖరి ప్రాక్టీసు.
"వాళ్ళ దగ్గర డబ్బులు తీసుకున్నారా?"
ఆ ప్రశ్న మేం రాసుకున్న వాటిల్లో లేదు.
కళ్ళజోడు పైనుంచి చూస్తోంది.
పెరట్లో కప్పలు, పొయ్యి దగ్గర
గిన్నె తోముతున్న చప్పుడు ఆగింది.
"ఆయ్," అన్నాను.

సరిచేస్తుందేమోనని చూశాను.
కళ్ళజోడు తీసి, తుడిచి, నా చేతిలో పెట్టి
"పొద్దున్నే నాలుగున్నరకి బస్సు" అంది.
"ఎదుర్లంక వంతెన వచ్చేసరికి
కిటికీ పక్కన ఉండు నాన్నా.
ఇన్నేళ్ళూ రోడ్డే చూశావు,
అక్కడ గోదారెంత వెడల్పో
నీకు తెలీదు."